దేవునికి ముందే తెలిస్తే నిర్ణయం మనదెలా అవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్న సండే స్కూల్లో వస్తుంది, బైబిలు కాలేజీలో వస్తుంది, చావు ఇంట్లోనూ వస్తుంది. మాటలు ఒకటే అయినా అడిగేవాళ్ల అవసరం వేరు. బైబిలు పక్కన పెట్టుకుని, వచనాలు తెరిచి చూసుకుంటూ చదవండి.

అసలు చిక్కు ఎక్కడుంది?

మూడు వేర్వేరు విషయాలు ఒకే ప్రశ్నలో కలిసిపోతాయి. మొదటిది భవిష్యద్‌జ్ఞానం, అంటే ముందెరుక: జరగబోయేది దేవునికి తెలుసు. రెండోది ముందుగా నిర్ణయించడం: జరగబోయేదాన్ని, ముఖ్యంగా ఎవరు రక్షణ పొందుతారన్నదాన్ని దేవుడు తానే సంకల్పించాడు. మూడోది తలరాత: మీరేం చేసినా, చేయకపోయినా ఫలితం మారదు.

చారిత్రక సంఘాలన్నీ మొదటిదాన్ని ఒప్పుకుంటాయి. రెండోదాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గర విడిపోతాయి. మూడోదాన్ని ఏ ప్రధాన సంఘమూ బోధించదు. చర్చ వేడెక్కిందంటే చాలాసార్లు ఒకరు మొదటిదాని గురించి, ఇంకొకరు మూడోదాని గురించి మాట్లాడుతుంటారు. ముందు దాన్ని తేల్చుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

బైబిలు ఏం చెబుతోంది?

రెండు వైపులా గట్టిగానే చెబుతోంది. నాలుకకు మాట రాకముందే దేవునికి అది పూర్తిగా తెలుసని కీర్తన 139:4 అంటుంది. ఆదినుంచే అంతాన్ని తెలియజేసేవాడినని యెషయా 46:10లో దేవుడే చెప్పుకుంటాడు. ఇటు ద్వితీయోపదేశకాండము 30:19 జీవాన్నీ మరణాన్నీ ముందు పెట్టి, జీవాన్ని కోరుకోమంటుంది. కోరుకునే శక్తి లేనివాళ్ల ముందు ఎంపిక పెట్టడంలో అర్థం లేదు.

రెండూ ఒకే వాక్యంలో కనిపించేది అపొస్తలుల కార్యములు 2:23లో. యేసు దేవుని సంకల్పం ప్రకారం, ఆయన భవిష్యద్‌జ్ఞానం ప్రకారం అప్పగింపబడ్డాడని పెంతెకొస్తు రోజున పేతురు అంటాడు. అదే ఊపులో, మీరు ఆయనను చంపారని ఎదుటివాళ్లను నిలదీస్తాడు. సంకల్పం ఉంది కాబట్టి మీ తప్పు లేదని అనడు.

తెలియడం వేరు, చేయించడం వేరు. అంతటితో సరిపోదా?

సగం వరకు సరిపోతుంది. పంచాంగంలో గ్రహణం వేళ నిమిషాలతో సహా ముందే అచ్చవుతుంది. అచ్చయినందువల్ల గ్రహణం పట్టదు. 4వ శతాబ్దం చివర్లో ఉత్తర ఆఫ్రికా సంఘ బోధకుడు అగస్టీన్ తన మిత్రుడు ఎవోదియస్‌కు ఇచ్చిన జవాబు కూడా ఈ దారిలోదే: మీ జ్ఞాపకం గతాన్ని బలవంతం చేయనట్టే, దేవుని ఎరుక భవిష్యత్తును బలవంతం చేయదు. అంతకు నూటయాభై ఏళ్ల ముందే తొలి సంఘ పండితుడు ఒరిగెన్, ముందే చెప్పినందువల్ల సంగతి జరగదని, జరగబోతున్నందువల్లే ముందే చెప్పగలిగారని వాదించాడు.

పంచాంగం పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చూడాలి. గ్రహణాన్ని లెక్కగట్టగలిగింది సూర్యచంద్రుల గతి ముందే బిగిసి ఉంది కాబట్టి. మన నిర్ణయాలను కూడా దేవుడు కారణాల నుంచి అలాగే లెక్కగట్టి తెలుసుకుంటున్నాడంటే, మన నిర్ణయాలూ బిగిసే ఉన్నాయని ఒప్పుకున్నట్టే. యువజనుల కూటాల్లో ఈ పోలిక చెప్పి అక్కడితో ఆపేస్తే, తెలివైన పిల్లలు ఇంటికెళ్లాక ఈ లొసుగు పట్టుకుంటారు. మనమే ముందు చెప్పడం మంచిది.

మరి గట్టి వాదం ఏది?

నాలుగు మెట్లుగా పెట్టి చూడండి. రేపు ఒక ఉద్యోగానికి మీరు ‘సరే’ అనబోతున్నారనుకుందాం.

1. మీరు ‘సరే’ అంటారని దేవునికి నిన్ననే తెలుసు.
2. దేవుడు పొరపడడు.
3. నిన్న జరిగినదాన్ని ఈరోజు ఎవరూ మార్చలేరు.
4. కాబట్టి రేపు ‘వద్దు’ అనడం మీ చేతిలో లేదు.

ఇందులో దేవుడు చేయిస్తున్నాడన్న మాటే లేదు. అందుకే తెలియడం వేరు, చేయించడం వేరు అన్న జవాబు దీనికి తగలదు. బలం అంతా మూడో మెట్టులో, గతం మారదన్న దానిలో ఉంది. అమెరికన్ తత్వవేత్త నెల్సన్ పైక్ 1965లో ఈ వాదాన్ని కొత్తగా పదును పెట్టాక చర్చ మళ్లీ రాజుకుంది.

ఇక్కడ జాగ్రత్తపడాల్సిన పొరపాటు ఒకటుంది. ‘దేవునికి తెలిసినది తప్పక జరుగుతుంది’ అనే మాటకు రెండు అర్థాలు వస్తాయి. మీరు కూర్చుని ఉండటం ఎవరైనా చూస్తుంటే, మీరు తప్పక కూర్చునే ఉన్నారు. ఆ ‘తప్పక’ చూడటానికీ కూర్చోవడానికీ మధ్య ఉన్న ముడికి చెందుతుంది. మీరు లేవలేరని దాని అర్థం కాదు. 13వ శతాబ్దంలో కథోలిక పండితుడు థామస్ అక్వినాస్ ఈ తేడాను వివరంగా విడదీశాడు. మొదటి రెండు మెట్ల నుంచే నేరుగా నాలుగో మెట్టుకు దూకేవాళ్లు పడేది ఈ గుంటలోనే. మూడో మెట్టును కలుపుకుని వచ్చేవాళ్లకు మాత్రం ఇంకా జవాబు చెప్పాలి.

ఆ వాదానికి ఎవరు ఏ మెట్టు దగ్గర అడ్డుపడ్డారు?

రోమా తత్వవేత్త బోయీథియస్ మొదటి మెట్టు దగ్గర. 524 ప్రాంతంలో మరణశిక్షకు ఎదురుచూస్తూ చెరలో రాసిన గ్రంథంలో ఆయన చెప్పింది ఇది: దేవునికి ‘నిన్న’ అనేది లేదు. కాలమంతా ఆయనకు ఒక్కసారిగా ఎదుట ఉంటుంది. ఒకే చూపులో మీకు ఉదయించే సూర్యుడూ నడిచే మనిషీ కనిపించవచ్చు. మొదటిది తప్పనిసరిగా జరుగుతోంది, రెండోది ఇష్టపూర్వకంగా. చూపు వల్ల ఆ తేడా చెరిగిపోదు. అక్వినాస్ కూడా ఈ దారినే నడిచాడు.

14వ శతాబ్దంలో ఆంగ్ల తత్వవేత్త విలియం ఆఫ్ ఓకమ్ మూడో మెట్టు దగ్గర అడ్డుపడ్డాడు. గతంగా కనిపించే మాటలన్నీ నిజంగా గడిచిపోయినవి కావని ఆయన పాయింటు. ‘ఆమె నిన్న, తన పెళ్లికి సరిగ్గా ఏడాది ముందు, బాప్తిస్మం తీసుకుంది’ అన్న మాట తీసుకోండి. బాప్తిస్మం గడిచిపోయింది, దాన్ని ఎవరూ మార్చలేరు. ‘పెళ్లికి ఏడాది ముందు’ అన్న భాగం మాత్రం వచ్చే ఏడు ఆమె ఏం చేస్తుందన్న దానిపై ఆధారపడి ఉంది. దేవుని ముందెరుక కూడా ఈ జాతిదేనంటాడు ఓకమ్.

స్పెయిన్‌కు చెందిన జెస్యూట్ సభ (కథోలిక సన్యాస సమాజం) పండితుడు లూయిస్ ది మోలినా 1588లో లిస్బన్‌లో అచ్చైన గ్రంథంలో ఇంకో దారి తీశాడు. జరగడానికి వీలున్నవన్నీ దేవునికి తెలుసు. జరగబోయేవీ తెలుసు. ఈ రెంటికీ మధ్యలో మూడో ఎరుక ఒకటుంది: ఏ మనిషి ఏ పరిస్థితిలో స్వేచ్ఛగా ఏం చేసి ఉండేవాడో కూడా ఆయనకు తెలుసు. ఆ ఎరుకతో లోకాన్ని ఏర్పాటు చేశాడు. దీనికి ఎక్కువగా చూపించే వచనాలు 1 సమూయేలు 23:11–13. నన్ను వెంటాడుతున్న సౌలు రాజు కెయీలాకు వస్తాడా, ఊరివాళ్లు నన్ను అప్పగిస్తారా అని దావీదు అడిగితే, వస్తాడు, అప్పగిస్తారు అని జవాబు వచ్చింది. దావీదు దాదాపు 600 మందితో ఊరు వదిలేశాడు, సౌలు ప్రయాణం మానుకున్నాడు. అంటే ఎన్నడూ జరగనిది కూడా దేవునికి తెలుసన్నమాట. ఇంకో కథోలిక సన్యాస సమాజమైన డొమినికన్ల పండితుడు డొమింగో బాన్యెజ్ పక్షం దీన్ని గట్టిగా ఎదిరించింది. ఏళ్ల తరబడి రోములో విచారణ జరిగాక, 1607లో పోప్ ఐదవ పౌలు తీర్పు ఇవ్వకుండానే ముగించాడు. ఒకరినొకరు మతద్రోహులనకూడదని మాత్రం కట్టడి చేశాడు.

16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ దారిలోని వాళ్లు, ముఖ్యంగా 1754లో అమెరికన్ బోధకుడు జొనాథన్ ఎడ్వర్డ్స్, స్వేచ్ఛ అంటే ఏమిటన్నదాన్నే తిరిగి అడిగారు. ఎవరి బలవంతమూ లేకుండా మన మనసు కోరినది చేయడమే స్వేచ్ఛ అయితే, ఏం కోరతామో దేవుని సంకల్పంలో ఉన్నా స్వేచ్ఛ పోదు. చివరిగా ‘ఓపెన్ థీయిజం’. 1994లో అమెరికాలో ఐదుగురు కలిసి వెలువరించిన పుస్తకంతో పెద్ద చర్చ అయింది. స్వేచ్ఛగా తీసుకోబోయే నిర్ణయాలు ఇంకా లేనివి కాబట్టి అవి తెలియకపోవడం దేవునికి లోటు కాదని వీరంటారు.

వీటిలో మీరు దేన్ని నిలబెడతారు?

బోయీథియస్ జవాబు అన్నిటికన్నా లోతైనదని మా అభిప్రాయం. అయితే దానికీ ఒక గడ్డు చోటు ఉంది. దేవుని ఎరుక కాలానికి బయటే ఉండవచ్చు. కానీ కోడి కూయకముందే నన్ను ఎరుగనంటావని యేసు పేతురుతో నోరు తెరిచి చెప్పాక, ఆ మాట కాలంలోకి వచ్చేసింది. ఆ రాత్రి అది గడిచిపోయిన సంగతి. ఓకమ్ జవాబుకు కూడా ప్రవచనం దగ్గరే ఊపిరి ఆడదు. మోలినా దారి ప్రవచనాన్ని బాగా వివరిస్తుంది. కానీ ఇంకా పుట్టని మనిషి ఏం చేసి ఉండేవాడన్నది ఏ ఆధారం మీద నిజమవుతుందన్న ప్రశ్న దాన్ని వెంటాడుతుంది. ఓపెన్ థీయిజం మాత్రం పరిష్కారానికి మరీ ఎక్కువ ధర చెల్లిస్తోంది: యెషయా 46:10నూ, పేతురుకు మూడుసార్లని లెక్కతో సహా చెప్పిన మాటనూ అది పలుచన చేయక తప్పదు.

పేతురు ఇంకోలా చేయగలిగేవాడా?

మత్తయి 26:69–75 మెల్లగా చదవండి. ప్రధానయాజకుని ఇంటి ముంగిట ఒక పనిపిల్ల అడిగింది, బొంకాడు. నడవలో ఇంకొకతె అడిగింది, ఒట్టు పెట్టుకుని బొంకాడు. నీ పలుకే నిన్ను పట్టిస్తోందని పక్కన నిలిచినవాళ్లు అన్నారు, శపించుకుంటూ బొంకాడు. మూడుసార్లూ అతణ్ని నడిపింది భయం. యేసు చెప్పిన మాట ఆ సమయంలో అతనికి గుర్తే లేదు. 75వ వచనం ప్రకారం అది జ్ఞాపకం వచ్చింది కోడి కూశాకే. జ్ఞాపకంలో కూడా లేని మాట అతణ్ని నెట్టిందని ఎలా అంటాం? పైగా వెక్కి వెక్కి ఏడ్చాడు. తనది కాని పనికి ఎవరూ అలా ఏడవరు. లూకా 22:32 కూడా కలిపి చదవాలి: పడిపోతాడని తెలిసిన యేసే, అతని నమ్మిక తప్పిపోకుండా ముందే ప్రార్థించాడు.

యూదా ఇస్కరియోతు మాటేమిటి? ప్రవచనం నెరవేరాలంటే ఎవరో ఒకరు అప్పగించాలి కదా?

మత్తయి 26:24లో రెండూ ఉన్నాయి: మనుష్యకుమారుడు వ్రాయబడిన ప్రకారమే వెళుతున్నాడు, అప్పగించేవానికి మాత్రం శ్రమ. బేరం అడిగింది యూదా, 30 వెండి నాణేలు పుచ్చుకుంది యూదా. నిరపరాధి రక్తాన్ని అప్పగించి పాపం చేశానని మత్తయి 27:4లో ఒప్పుకున్నదీ అతనే. ‘ఇలా రాసి ఉంది’ అని తప్పించుకోలేదు.

ఫరో హృదయాన్ని దేవుడే కఠినపరిచాడు కదా?

నిర్గమకాండములో వరుస చూడండి. 8:15లో, 8:32లో ఫరో తన హృదయాన్ని తానే కఠినపరచుకున్నాడు. దేవుడు కఠినపరిచాడని తెగుళ్ల వరుసలో మొదటిసారి వచ్చేది 9:12లో, దద్దుర్ల తెగులు దగ్గర. అప్పటికి ఐదు తెగుళ్లు గడిచాయి. తెరిచి ఉన్న తలుపును అతనే మూస్తూ పోయాక దేవుడు గడియ వేశాడని చాలామంది వ్యాఖ్యాతలు దీన్ని చదువుతారు. ఆ వరుస ఒక్కటే ప్రశ్నను తీర్చదు. ఎందుకంటే 4:21లో, మోషే ఐగుప్తు చేరకముందే, కఠినపరుస్తానని దేవుడు చెప్పాడు. కాల్విన్ పక్షంవాళ్లు అక్కడ నిలబడతారు. 8వ అధ్యాయం చూపించి 4వ అధ్యాయాన్ని దాచడం న్యాయం కాదు.

ఇది మన తలరాత లాంటిదే కదా?

కాదు, తేడా అపొస్తలుల కార్యములు 27లో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఓడలో 276 మంది. ఒక్క ప్రాణం కూడా పోదని 22వ వచనంలో పౌలు దేవదూత మాట ఆధారంగా చెప్పాడు. తర్వాత నావికులు లంగరు వేస్తున్నట్టు నటిస్తూ పడవ దించి పారిపోబోయారు. అప్పుడు పౌలు శతాధిపతితో, వీళ్లు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరన్నాడు. సైనికులు పడవ తాళ్లు కోసేశారు. తలరాత అయితే నావికులు ఉన్నా పోయినా ఒకటే. ఇక్కడ దేవునికి తెలిసిన ఫలితం ఆ తాళ్లు కోయడం గుండానే వచ్చింది.

‘బతికేది ఉంటే బతుకుతాడు, డాక్టరెందుకు’ అనే వాదం కూడా పాతదే. కోలుకోవడం రాసి ఉంటే వైద్యుణ్ని పిలవనక్కర్లేదన్న ఈ వాదాన్ని ఒరిగెన్ 3వ శతాబ్దంలోనే ఖండించాడు. విశ్వాసం పేరుతో షుగరు మాత్రలో, టీబీ మందులో మానేయమని ఎవరైనా చెబితే, అది ముందెరుక బోధ కాదు, తలరాతే. మందులు మానకండి.

అయితే ప్రార్థన ఎందుకు?

ప్రార్థన ద్వారానే ఇవ్వాలని దేవుడు ఏర్పాటు చేసినవి కొన్ని ఉన్నాయి, వాటిని పొందడానికి అడుగుతామని అక్వినాస్ జవాబు. మీకు కావలసినవి అడగకముందే తండ్రికి తెలుసని మత్తయి 6:8లో చెప్పిన యేసే, తర్వాతి వచనంలో ఇలా ప్రార్థించండని నేర్పాడు.

నీనెవెను నాశనం చేస్తానని యోనా చేత చెప్పించిన దేవుడు మాట మార్చలేదా?

యిర్మీయా 18:7–10 దీనికి తాళంచెవి. ఒక జనాన్ని పెల్లగిస్తానని చెప్పాక ఆ జనం తిరిగితే, దేవుడు ఆ కీడు చేయడు. హెచ్చరికలో ఆ షరతు ఎప్పుడూ ఉంది. హిజ్కియాకు 15 ఏళ్లు కలిసింది కూడా (2 రాజులు 20:1–6) ఇలాగే. ఇలాంటి ప్రకటన వేరు, పేతురుతో చెప్పినటువంటి ముందుమాట వేరు.

రోమా 9 చదివితే అంతా ముందే అయిపోయినట్టు ఉంది. ఎలా చదవాలి?

9, 10, 11 అధ్యాయాలను ఒకే కూర్చులో, బిగ్గరగా చదవండి. మొత్తం 90 వచనాలు. 9:18 దగ్గర ఆగిపోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు. కుమ్మరి, మన్ను అన్న పౌలే 9:32లో ఇశ్రాయేలు తడబడటానికి కారణం విశ్వాసంతో వెంటాడకపోవడమని చెబుతాడు. 10:21లో దేవుడు అవిధేయులవైపు దినమంతా చేతులు చాపుతాడు. 11:23లో, అవిశ్వాసంలో నిలిచిపోకపోతే విరిచిన కొమ్మలను తిరిగి అంటుకట్టగలడు. యాకోబు, ఏశావు అంటే ఇద్దరు మనుషులా, రెండు జనాలా అన్న చోట పండితులు విడిపోతారు. ఆదికాండము 25:23 రెండు జనాలనే అంటుంది.

రోమా 8:29లో ‘ముందు ఎరిగెను’ అన్నచోట కూడా ఇదే చీలిక. ఎవరు విశ్వసిస్తారో ముందే చూశాడని అర్మీనియన్లు (కింద చెప్పిన అర్మీనియస్ అనుచరులు), తనవారిగా ముందే ప్రేమించాడని కాల్వినిస్టులు.

మా సంఘం ఏ పక్షం?

బోర్డు మీద పేరు చూస్తే కొంత తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లో అర్మీనియస్ 1609లో చనిపోయాక ఆయన అనుచరులు 1610లో కాల్విన్ బోధను వ్యతిరేకిస్తూ 5 అంశాలు రాశారు. వాటికి జవాబుగా 1618–19లో దోర్ద్రెక్త్‌లో జరిగిన సభ కాల్విన్ బోధను ఖాయం చేసింది. ప్రెస్బిటేరియన్, రిఫార్మ్‌డ్ సంఘాలు ఈ సభ వైపు. జాన్ వెస్లీ 1739లో ముందుగా నిర్ణయించడం బోధకు వ్యతిరేకంగా ప్రసంగించాడు. మెదక్ ప్రాంతపు వెస్లియన్ సంఘాల వారసత్వం అది. అవి 1947లో సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం)లో కలిశాయి. పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువ భాగం కూడా ఇటువైపే. బాప్టిస్టుల్లో 17వ శతాబ్దపు ఇంగ్లండు నుంచే రెండు పాయలూ ఉన్నాయి.

1842లో గుంటూరులో మొదలైన లూథరన్ మిషను వారసులకు మూల గ్రంథాల్లో ఒకటి 1577 నాటి ఒప్పంద సూత్రం (ఫార్ములా ఆఫ్ కాంకర్డ్). దాని 11వ అంశం చాలా ఉపయోగకరమైన తేడా చెబుతుంది: ముందెరుక మంచికీ చెడుకీ రెంటికీ వర్తిస్తుంది, ఏర్పాటు (ముందుగా ఎన్నుకోవడం) మాత్రం దేవుని పిల్లల రక్షణకే వర్తిస్తుంది. కథోలికులకు 1547లో ట్రెంట్ సభ, ఆదాము పాపంతో స్వేచ్ఛాచిత్తం నశించిపోయిందన్న బోధను తోసిపుచ్చింది. తూర్పు సంఘాలకు 8వ శతాబ్దపు దమస్కు యోహాను మాట ప్రమాణం: దేవుడు అన్నీ ముందే ఎరుగును, అన్నిటినీ ముందే నిర్ణయించడు.

నా పేరు జీవగ్రంథంలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆ పుస్తకాన్ని తెరిచి చూడమని బైబిలు ఎక్కడా చెప్పలేదు. యోహాను 6:37లో, నా దగ్గరికి వచ్చేవాణ్ని ఎంతమాత్రం బయటికి తోసివేయనని యేసు అంటాడు. వచ్చారా లేదా అన్నది మీకు తెలిసే విషయం. ఈ భయం రోజుల తరబడి నిద్ర పట్టనివ్వకపోతే మీ పాస్టర్ గారితో మాట్లాడండి, డాక్టరునూ కలవండి. వాదనలు చదువుతూ కూర్చుంటే అది పెరుగుతుంది.

దేవునికి ముందే తెలిసి మా బిడ్డను ఎందుకు కాపాడలేదు?

ముందెరుక ఈ ప్రశ్నకు జవాబు కాదు. తర్కంగా చూసినా, దేవుడు ముందే ఎరిగినది నిజంగా జరగబోయేదాన్నే, కాబట్టి ఆ ఎరుకతోనే దాన్ని జరగకుండా చేశాడనలేం. ఎందుకు అనుమతించాడన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు ఎక్కువ పాపులని చెప్పడానికి యేసు ఒప్పుకోలేదు (లూకా 13:4–5). లాజరు సమాధి దగ్గర, లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు.

పరామర్శకు వెళ్లేవాళ్లకు మా మనవి: ‘దేవుని చిత్తం, ఆయనే తీసుకున్నాడు’ అని మొదటి రోజు అనకండి. పక్కన కూర్చోండి, అన్నం పెట్టించండి. ఆ తల్లి తనంతట తాను అడిగిన రోజున, ఆమె అడిగినంత మేరకే చెప్పండి.

‘ఈ సంబంధమే దేవుని చిత్తం’ అని ఒకరు ప్రవచించారు. కాదనవచ్చా?

కాదనవచ్చు. 1 థెస్సలొనీకయులకు 5:20–21 ప్రవచనాన్ని తృణీకరించవద్దంటూనే అన్నిటినీ పరీక్షించమంటుంది. చెప్పినవారికి ఆ సంబంధంలో లాభం ఉందా చూడండి. అబ్బాయి చదువు, ఉద్యోగం, అప్పులు, ఆరోగ్యం మామూలుగా ఎలా విచారిస్తారో అలాగే విచారించండి. కట్నం అడిగితే అక్కడే ఆపండి. అమ్మాయిని ఒంటరిగా, ఎవరూ వినని చోట అడగండి. ఆమె వద్దంటే వద్దు.

నిజమైన ప్రవక్త చెప్పినప్పుడు కూడా నిర్ణయం విన్నవాళ్లదే అయింది. అపొస్తలుల కార్యములు 21లో అగబు పౌలు నడికట్టుతో తన కాళ్లూ చేతులూ కట్టుకుని, యెరూషలేములో ఇది జరుగుతుందని చూపించాడు. స్నేహితులు వెళ్లవద్దని ఏడ్చారు. పౌలు వెళ్లాడు. అంతకుముందు 11:28లో ఇదే అగబు గొప్ప కరవు రాబోతోందని చెప్పినప్పుడు, అంతియొకయ శిష్యులు ఎవరి శక్తికొద్దీ వాళ్లు డబ్బు పోగుచేసి, బర్నబా పౌలుల చేత యూదయకు పంపారు.